కారు కప్పు మీద కయాక్, కంటి మీద కునుకు

రాత్రి పడుకునేటప్పుడు కారు మీద రెండు కయాక్‌లు ఉన్నాయి. పొద్దున ఆరింటికి మోటెల్‌వాళ్ల పల్చటి కాఫీ పట్టుకుని బయటికొస్తే ఒకటే ఉంది.

రెండేళ్ల కిందటి సంగతి ఇది. ఉండేది న్యూజెర్సీ, ఎడిసన్‌లో. శుక్రవారం ఆఫీసయ్యాక బయల్దేరి, దారిలో ఓ రాత్రి పడుకుని, మర్నాటికి మెయిన్ రాష్ట్రంలోని అకేడియా నేషనల్ పార్కు చేరాలని మా ప్లాను. దాదాపు 500 మైళ్ల దూరం. పిల్లాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఒక్క ఊపులో నడపడం నావల్ల కాదు. అందుకని కనెటికట్‌లో హైవే పక్కనున్న ఓ మోటెల్‌లో దిగాం.

మావి పదడుగుల ప్లాస్టిక్ కయాక్‌లు. ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే రకం. కారులో పట్టవు కాబట్టి కప్పు మీద అడ్డకడ్డీలకు పట్టీలతో కట్టాల్సిందే.

తాళం వెయ్యలేదా అని అడక్కండి, వేశాను. సైకిల్ తాళం, మంచిదే. కయాక్ ముక్కు దగ్గర చేత్తో పట్టుకుని మోయడానికి ఒక పిడి ఉంటుంది. ఆ పిడిలోంచి తీగ దూర్చి కారు కడ్డీకి బిగించాను. ఆ పిడిని పట్టుకుని ఉన్నవి రెండు స్క్రూలు మాత్రమేనని అప్పటిదాకా నా బుర్రకు తట్టలేదు. వచ్చినవాడు పట్టీలను బ్లేడుతో కోసి, రెండు స్క్రూలు విప్పి, పడవ దించుకుపోయాడు. వేసిన తాళం వేసినట్టే ఉంది. దానికి పిడి కూడా భద్రంగా వేలాడుతోంది. ఆ పిడిని చాలాకాలం పారెయ్యలేకపోయాను.

రెండోది ఎందుకు మిగిలిందంటే అది గోడవైపు ఉంది. దాన్ని దించడానికి చోటు చాల్లేదు. అంటే నా తాళం కాపాడనిదాన్ని గోడ కాపాడింది.

పోలీసాయన మర్యాదస్తుడే. వచ్చి అన్నీ రాసుకుని, "హల్ నంబర్ ఎంత?" అన్నాడు. నేను కారు నంబర్ చెప్పబోయాను. కారుకున్నట్టే పడవకూ ఒక నంబరుంటుందట. హల్ ఐడెంటిఫికేషన్ నంబర్ అని, 12 అక్షరాలూ అంకెలూ కలిపి. అమెరికాలో 1972 నుంచి తయారయ్యే పడవలన్నిటికీ ఉండాలి, కయాక్‌కి కూడా. నాకది తెలీదు. రంగు నారింజ అని చెప్పాను. సగం కయాక్‌లు నారింజే.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకున్నాను. కారు పాలసీ కారుకే తప్ప దాని మీద మోస్తున్న సామానుకు కాదన్నారు. సరే, ఇంటి పాలసీ ఉందిగా, బయట పోయిన వస్తువులకు కూడా అది వర్తిస్తుందిగా అని దాన్ని తీశాను. లాప్‌టాప్ పోతే వర్తిస్తుంది. కానీ దొంగతనం గురించి రాసిన పేరాలో చిన్న అక్షరాల్లో ఒక మినహాయింపు ఉంది: ఇంటి ఆవరణ బయట దొంగతనానికి గురైన పడవలు, వాటి సామాను ఇందులోకి రావు, ఎలాంటి పడవైనా సరే. నా ఒక్కడి పాలసీయే అలా ఉందేమో అనుకున్నాను. కాదు, ఇక్కడి ప్రామాణిక పాలసీల్లో ఉండే వాక్యమే అది. పడవను ఇంట్లో పెట్టుకుంటే రక్షణ ఉంది, నీళ్ల దగ్గరికి తీసుకెళ్తే లేదు! మీకు కయాక్ ఉంటే ఇవాళే ఆ పేజీ తీసి చదవండి. కావాలంటే పడవకు విడిగా పాలసీ తీసుకోవచ్చు.

ఆ ట్రిప్పులో ఒక్క కయాక్‌తోనే వంతులు వేసుకుని తిరిగాం. ఇంటికొచ్చాక ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో నెలరోజులు నారింజ పడవల బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని మా ఆవిడ ఊరికే అనలేదు.

పోయినేడు నాన్న వచ్చారు. అమ్మ డాలస్‌లో అక్క దగ్గరుండి, నాన్నొక్కరే జూన్‌లో మా దగ్గరికి వచ్చారు. మాది ఏలూరు. కొల్లేట్లో తాటిదోనెలు చూస్తూ పెరిగిన మనిషి. గ్యారేజీలో మిగిలిన కయాక్‌నీ, దాని పక్కన నేను కొత్తగా కొన్న సెకండ్‌హ్యాండ్ కయాక్‌నీ చూసి, "దోనెకి ప్లాస్టిక్ తమ్ముడు" అన్నారు. దొంగతనం కథ చెప్పాను. ఆ పిడి చూపించాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఒరేయ్, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పెట్టెకి గొలుసు ఎలా వేసేవాణ్ణో చూశావుగా నువ్వు?" అన్నారు.

చూడకేం? చిన్నప్పుడు ఎప్పుడు హైదరాబాద్ వెళ్లినా అదే తంతు. ఏలూరులో రైలెక్కగానే ముందు కింది బెర్తు కిందకి వంగేవారు. బెర్తు కింద ఇనప కొక్కెం ఉంటుంది. గొలుసును పెట్టె పిడికి వేసేవారు కాదు. "పిడి కోసి పెట్టె పట్టుకుపోతాడు" అనేవారు. పెట్టె చుట్టూ నిలువుగా ఒక చుట్టు, అడ్డంగా ఒక చుట్టు, హోల్డాల్ కట్టినట్టు కట్టి, అప్పుడు కొక్కేనికి తాళం. తాళంచెవి బనీను జేబులో. అవన్నీ చూసిన కొడుకు అమెరికాలో పిడికి తాళం వేశాడు.

ఆ శనివారమంతా గ్యారేజీలో ఇదే పని. నాన్న ముందు కయాక్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీనికి నడుము లావు, రెండు కొసలూ సన్నం. ఒక్క ఉచ్చు వేస్తే జారిపోతుంది" అన్నారు. కూర్చునే గుంటకి ముందు ఒక ఉచ్చు, వెనక ఒక ఉచ్చు వేసి, రెంటినీ మధ్యలో కలిపి బిగిస్తే, ముందుది ముందుకి జారకుండా వెనకది ఆపుతుంది, వెనకది వెనక్కి జారకుండా ముందుది ఆపుతుంది. కయాక్‌ల కోసం తయారయ్యే తాళాల్లో సరిగ్గా ఇలాంటిది ఒకటి అమ్ముతారని నాకు తర్వాత తెలిసింది. మేం మాత్రం హార్డ్‌వేర్ షాపులో ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు తీగతాడు తెచ్చాం, 3/8 అంగుళం మందం. అంతకన్నా సన్నదైతే చేతి కట్టర్‌తోనే సులువుగా తెగుతుంది. తొడుగు లేకపోతే పడవను గీకేస్తుంది. పైన కూర్చునే రకం కయాక్‌లైతే ఇంత అవస్థ లేదు. వాటికి నీళ్లు కారిపోవడానికి అడుగుదాకా కన్నాలుంటాయి. అందులోంచే తాడు దూర్చెయ్యొచ్చు.

తర్వాత నాన్న కారు మీద పడ్డారు. "దీన్ని దేనికి కడతావు?" అన్నారు. కడ్డీకి అన్నాను. కడ్డీ పట్టుకుని ఊపారు. కడ్డీ కారుకి బిగిసే కాలి దగ్గరున్న ప్లాస్టిక్ మూత తీసి, లోపలున్న మరను చేత్తో తిప్పారు. అది తిరిగింది! నాలుగు మరలు తిప్పితే కడ్డీలతో సహా పడవలు కిందికొస్తాయి. ఆ మూతలకు పెట్టే చిన్న తాళాలు చాలాసార్లు విడిగా కొనుక్కోవాలి. మూడేళ్లుగా నేను కొనలేదు. అవి వెంటనే ఆర్డర్ చేశాను. ఉక్కుతీగ లోపల నేసిన, బకిల్‌కి తాళం పడే పట్టీలు కూడా తెప్పించాను. వాటిని బ్లేడుతో కొయ్యలేరు.

నాన్నకు ఇంకా తృప్తి లేదు. "బెర్తు కింద కొక్కెం ఏదిరా?" అంటూ కారు చుట్టూ వెతికారు. చివరికి వెనక తలుపులు రెండూ తెరిచి, తాడు ఒక కొసను ఒక తలుపులోంచి, రెండోదాన్ని అవతలి తలుపులోంచి లోపలికి లాగి, సీటు పైన రెండు కొసలూ కలిపి కప్పతాళం వేసి, తలుపులు మూసేశారు. అంటే పడవల మీదుగా, కారు కప్పు చుట్టూ, ఉంగరంలా తాడు. తాళం కారు లోపల. దాన్ని ముట్టుకోవాలంటే కారు అద్దం పగలాలి, అప్పుడు అలారం మోగుతుంది. అంతకుముందు కప్పు మీద ఏం జరిగినా కారు అలారానికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

"బయట తాళం కనపడితే వాడికి పని ఇచ్చినట్టే" అన్నారు నాన్న. ఇంజనీరింగ్ చదివింది నేను.

హల్ నంబర్లు కూడా ఆరోజే చూశాం. పడవ వెనక భాగంలో, కుడివైపు, ప్లాస్టిక్ మీదే ఒత్తి ఉంటుంది. కనపడీ కనపడనట్టు. నాన్న టాల్కం పౌడర్ అద్ది, వేలితో తుడిచారు. గీతల్లో పౌడర్ నిలిచి అక్షరాలు తెల్లగా తేలాయి. మొదటి మూడు అక్షరాలు తయారీదారు గుర్తు, తర్వాత ఐదు వరుస నంబరు, ఆఖరి నాలుగూ తయారైన నెల, ఆ సంవత్సరం చివరి అంకె, మోడల్ సంవత్సరం. నెలకి అక్షరం ఉంటుంది: జనవరికి ఎ, డిసెంబరుకి ఎల్. నేను ఫొటో తీసుకున్నాను. నాన్న తన జేబు డైరీ తీసి, ఎల్‌ఐసీ పాలసీ నంబర్లూ పెన్షన్ పుస్తకం నంబరూ ఉన్న పేజీలో కింద రాసుకున్నారు.

"నీకెందుకు నాన్నా?"

"ఉంటే పోయిందేముంది?"

ఒక ఎయిర్‌ట్యాగ్ కూడా పెట్టాను (వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే యాపిల్‌వాళ్ల బిళ్ల), సీటు కింద టేపుతో అంటించి. దీని మీద మరీ ఆశలు వద్దు. చుట్టుపక్కల ఐఫోన్లలాంటి యాపిల్ పరికరాలుంటేనే జాడ తెలుస్తుంది. పైగా తెలియని ట్యాగ్ తమతోపాటు కదులుతోందని దొంగ ఫోన్‌కే కబురు వెళ్లొచ్చు, ఎవరినీ రహస్యంగా వెంబడించకుండా పెట్టిన ఏర్పాటు అది. జాడ తెలిసినా పోలీసులకు చెప్పాలే గానీ మనం బయల్దేరకూడదు.

నాన్నతో కలిసి మళ్లీ అకేడియాకే బయల్దేరాం. మోటెల్ ఈసారి ఆచితూచి పట్టాను, న్యూ హాంప్‌షైర్‌లో, పోర్ట్స్‌మత్ దగ్గర. ముందే ఫోన్ చేసి మూడే అడిగాను: గది ముందే కారు పెట్టుకోవచ్చా, కింది అంతస్తులో గది ఇస్తారా, రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటాడా. కప్పున్న పార్కింగ్ ఉందని ఒకాయన గొప్పగా చెప్పాడు గానీ, కయాక్‌లతో మా కారు ఎత్తుకి ఆ దూలం కిందకి దూరితే దొంగ అవసరమే ఉండదు.

రాత్రి పదిన్నరకి చేరాం. రిసెప్షన్‌లో గుజరాతీ పెద్దాయన. నాన్న హిందీలో కలిపేసుకున్నారు. రెండు నిమిషాల్లో ఆయన బయటికొచ్చి, తన కిటికీకి ఎదురుగా, దీపస్తంభం కింద ఉన్న చోటు చూపించాడు. ఒక పక్కంతా గోడ. గోడకి ఎంత దగ్గరగా పెట్టానంటే మా ఆవిడ డ్రైవర్ సీటు మీంచి పాక్కుంటూ దిగింది. తెడ్లు, లైఫ్ జాకెట్లు, ఊడే సీట్లు అన్నీ గదిలోకి చేరేశాం. తెడ్లు రెండు ముక్కలుగా ఊడతాయి కాబట్టి మంచం కింద పట్టాయి.

ఆ రాత్రి నేను నిద్రపోయానని చెప్తే అబద్ధం. ఒంటిగంటకి ఒకసారి, రెండున్నరకి ఒకసారి కర్టెన్ తీసి చూశాను. రెండోసారి చూసేసరికి నాన్న కూడా మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. "ఉన్నాయా?" అన్నారు. "ఉన్నాయి" అన్నాను. "మరి పడుకో" అన్నారు. తనూ పడుకున్నారు. ఆ తర్వాత నిద్ర పట్టింది.

పొద్దున రెండూ ఉన్నాయి. అయితే తెల్లవారుజామున వాన పడింది. తాడు తలుపు రబ్బరును నొక్కి ఉంచిన చోట సందు ఏర్పడి, నీళ్లు తాడు వెంబడే లోపలికి నడిచొచ్చి సీటు మీద గిన్నెడు నిలిచాయి. నాన్న సీటు మీదే. అకేడియా పక్క ఊరు బార్ హార్బర్ దాకా తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. తిరుగు ప్రయాణంలో తాడును తలుపు బయట కాస్త కిందికి వేలాడేలా వదిలి, ఆ తర్వాత లోపలికి తీశాం. నీళ్లు ఆ వంపు దగ్గరే కిందికి కారిపోయాయి.

అకేడియాలోని జోర్డాన్ పాండ్ గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. అది తాగునీటి చెరువు. అందులో ఈత నిషేధం గానీ కయాక్ వేసుకోవచ్చు. ఉత్తరం వైపు బబుల్స్ అనే రెండు గుండ్రటి కొండలు, వాటి నీడలో నీళ్లు అడుగు రాళ్లు కనపడేంత తేటగా ఉంటాయి. నాన్న పది నిమిషాలు ఒడ్డు వెంబడే తెడ్డు వేసి, "బానే ఉంది, మన దోనె అంత నిలకడ లేదు" అని దిగి, ఒడ్డున మా చెప్పులకు కాపలా కూర్చున్నారు. తాళంచెవి ఎక్కడని అడిగితే చొక్కా తడిమి చూపించారు. బనీను జేబులోనే.

ఆగస్టులో నాన్న వెళ్లిపోయారు. అక్టోబరులో పడవలకు విడిగా ఇన్సూరెన్స్ తీసుకోబోతే హల్ నంబర్లు అడిగారు. ఫొటోలు పాత ఫోన్‌తోపాటే పోయాయి. గ్యారేజీలోకి వెళ్లి పౌడర్ అద్దితే సరిపోయేది, కానీ నేను ఏలూరుకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున ఏడు. డైరీ పేజీలు తిరిగే చప్పుడు వినిపించింది.

"ముందు పాత పడవది చెప్తా, రాసుకో" అన్నారు. మొదటి ఎనిమిదీ ఆగి ఆగి చదివి, ఆఖరి నాలుగింటి దగ్గర గొంతు సవరించుకున్నారు.

"ఇ ఫర్ ఏలూరు. 9. 19."