మురళీనగర్‌లో మా వీధి మొక్కలు: రెండో వానాకాలం

నిరుడు తొలకరికి నాటిన కానుగలు మనిషెత్తు దాటాయి. గంగరావి వాటికన్నా వెడల్పుగా కొమ్మలు చాస్తోంది. పొన్న ఇంకా మోకాలి ఎత్తు దాటలేదు. దాని తీరే అంత, నిదానంగా పెరిగే చెట్టు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విశాఖ చెట్లు ఎలా నేలకొరిగాయో ఈ ఊరివాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. అందుకే మొక్క ఎంచుకునేటప్పుడు ముందు చూసేది గాలికి నిలుస్తుందా లేదా అని, ఆ తర్వాత పిట్టకూ పురుగుకూ ఏమిస్తుందని. కానుగ, పొన్న, గంగరావి మూడూ తీరప్రాంతపు చెట్లే, ఉప్పుగాలికి తట్టుకుంటాయి. తురాయి పూలంటే నాకు ప్రాణం. కానీ దాని వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మ పెళుసు. ఇరుకు వీధిలో దాన్ని పెట్టను.

అసలు శ్రమంతా గొయ్యి దగ్గరే. మా దగ్గర జానెడు ఎర్రమట్టి కింద కంకర తగులుతుంది, గునపం లేనిదే పని సాగదు. రెండడుగుల లోతు, అంతే వెడల్పు తవ్వి, బిందెతో నీళ్లు పోసి రాత్రంతా వదిలేస్తాం. తెల్లారేసరికి నీరు ఇంకకపోతే అడుగున ఇంకా గుల్ల చేయాలి. తవ్విన మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలుపుతాం. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల పాలిథిన్ సంచి విప్పగానే అడుగున చూడండి. వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే బ్లేడుతో నిలువుగా కోసి విడదీయాలి. అలాగే పాతేస్తే అవి పెద్దయ్యాక కూడా గుండ్రంగానే తిరుగుతాయి. పెనుగాలికి చెట్టు వేళ్లతో సహా లేచిపోవడానికి అదొక కారణం.

ఊతకు రెండు సరుగుడు కర్రలు చాలు. గోనె పట్టీతో కాండాన్ని కింది మూడో వంతులోనే వదులుగా కడతాం. మొక్క గాలికి ఊగాలి, ఊగితేనే కాండం లావెక్కుతుంది. నిరుటి మొక్కల ఊతకర్రలు ఈ నెల తీసేశాం. పాదులో ఎండాకులు పరిచి వారానికోసారి రెండు బిందెలు నిదానంగా పోస్తే, రోజూ చెంబుడు పోయడంకన్నా వేరు లోతుకు దిగుతుంది.

చల్లదనం సంగతికొస్తే, విశాఖ గాలిలో తేమ ఎక్కువ. ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు ఇక్కడ పొడి ఊళ్లలో ఇచ్చినంత చల్లదనం ఇవ్వదు. మనకు ప్రధానం నీడే. తారురోడ్డుకూ పడమటి గోడకూ ఎండ తగలనివ్వకపోతే రాత్రి అవి వెళ్లగక్కే వేడి తగ్గుతుంది. అలాగని గుబురుగా పెంచి సముద్రపు గాలికి దారి మూయకూడదు. అందుకే చెట్టుకూ చెట్టుకూ ఎడం ఉంచి, కింది కొమ్మలు ఏటా కొన్ని తీసేస్తున్నాం.

కరెంటు తీగల కింద కరివేపాకు పెట్టాం. దాని లేతాకు మీద పక్షి రెట్టలా కనిపించేది నల్ల సీతాకోకచిలుక గొంగళి, దయచేసి దులపకండి. పెరిగే కొద్దీ అది ఆకుపచ్చగా మారుతుంది. గంగరావి మీద ఎర్రచీమలు ఆకులు దగ్గరకు లాగి, తమ పిల్లపురుగుల నోటి పట్టుదారంతో కుట్టుకుంటున్నాయి. మందు కొడదామన్న ఎదురింటి మావయ్యగారిని పిలిచి ఆ కుట్టు చూపించాను. ఆయనే ఇప్పుడు పిల్లలను దూరంగా ఉండమంటున్నారు.

తుపానుల కాలం రాకముందే ఎండుకొమ్మలు కోయాలి. పార్కు మూలన, గోడలకూ పైపులకూ దూరంగా ఒక జువ్వి కోసం గొయ్యి తయారుగా ఉంది. దాని పళ్లకు కోకిలలు, గోరింకలు, గబ్బిలాలు అన్నీ వస్తాయి. నాలుగడుగుల మొక్క దొరికితే ఈ వానల్లోనే నాటేస్తాం.