మోచేతి ఎత్తున ఒక బల్ల

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇల్లు దూరం నుంచే తెలిసిపోతుంది. రెండంతస్తుల స్లాబు, మేడ మీద స్టీలు రెయిలింగు, పెద్ద ఇనప గేటు. ఆ గేటు ఎవరు చేశారని అడిగితే సోంపేటలోనో కాశీబుగ్గలోనో ఉన్న షాపు పేరు చెబుతారు. ఆ ఇంటాయన ఏళ్ల తరబడి గ్యాస్ ప్లాంట్లలో పైపులు అతికినవాడే. అక్కడ ఎక్స్‌రే తీసినా తప్పు దొరకని వెల్డింగ్ చేసినవాడు ఇక్కడ సొంత గేటు ఎందుకు చెయ్యలేదు? చెయ్యి రాక కాదు, చెయ్యడానికి చోటు లేక. సామాను గోనెసంచిలో మంచం కింద ఉంటుంది. సంచి దులిపి, నేల మీద గొంతుక్కూర్చుని, ఇనప ముక్కని కాలితో అదిమిపట్టి కొయ్యాలి. నడుం పట్టేస్తుంది, కోత వంకర పోతుంది. రెండుసార్లు అలా అయ్యాక ఎవరైనా షాపుకే వెళతారు.

నేను పైప్ ఫిట్టర్‌ని. మొదట అబుదాబి రువైస్‌లో చేశాను, తర్వాత ఖతర్ రాస్‌లఫాన్‌లో. మా కంచిలి, కవిటి, మందస వైపు కుర్రాళ్ళకి ఈ రెండు పేర్లూ పక్క ఊళ్ళ పేర్లంత బాగా తెలుసు. సెలవు మీద వచ్చే మనవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. మేడ మీద ఇంకో గది వేసేముందు పెరట్లో ఒక పనిబల్ల వేసుకోండి.

అక్కడ ఫ్యాబ్రికేషన్ షాపులో చేరిన కొత్తలో మా ఫోర్‌మన్, ఫిలిప్పీన్స్ మనిషి, నన్ను వైస్ (ఇనప ముక్కని దవడల మధ్య బిగించి పట్టేది) ముందు నిలబెట్టి మోచెయ్యి మడవమన్నాడు. పిడికిలి గడ్డానికి ఆనించాలి. అప్పుడు మోచేతి కొన వైస్ దవడల పైఅంచుకి తగిలితే ఆ ఎత్తు మనకి సరిపోయినట్టు. ఎత్తు ఎక్కువైతే ఇనుము అరగదీసే ఆకురాయి పట్టేటప్పుడు భుజాలు లేస్తాయి, తక్కువైతే నడుం వంగుతుంది. సరిగ్గా ఉంటే బలం భుజం నుంచి తిన్నగా వస్తుంది, ఆకురాయి మట్టంగా నడుస్తుంది. పొట్టివాళ్ళ కోసం వైస్ కింద చెక్క పీటలు ఉండేవి. వాటిమీద నిలబడడం ఎవరికీ నామోషీ కాదు. నా పనితనంలో సగం ఆ ఎత్తు ఇచ్చిందేనని నేను నమ్ముతాను.

రెండోది గోడ మీద బోర్డు. ప్రతి పానాకీ, సుత్తికీ, మూలమట్టానికీ బోర్డు మీద దాని ఆకారం పెయింటు వేసి ఉంటుంది. సాయంత్రం ఒక్కసారి చూస్తే చాలు, ఏది రాలేదో ఖాళీ నీడే చెబుతుంది. ఒక్క పానా తక్కువైనా అది దొరికేదాకా వెతకాల్సిందే. అది పైపులో ఉండిపోతే రేపు గ్యాసుతో పాటు వెళ్ళి ఏ వాల్వులోనో ఇరుక్కుంటుంది. మూడు నెలలకోసారి మిషన్లన్నీ తనిఖీ చేసి కొత్త రంగు టేపు చుట్టేవారు. ఆ మూడు నెలల రంగు లేని గ్రైండర్ ముట్టుకోకూడదు. మొదట్లో ఇదంతా చాదస్తంగా తోచింది. తర్వాత తర్వాత టేపు లేని మిషన్ కనబడితే చెయ్యి దానంతటదే ఆగిపోయేది.

ఇక మా ఇంటి బల్ల సంగతి. మా పెరట్లో పాత పశువుల సావిడి ఖాళీగా ఉంది, దాన్నే షెడ్డు చేసుకున్నాను. దాని పక్కనే తాతలనాటి పనస చెట్టు ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరాన్ని తాకినప్పుడు గంటకు 140 కిలోమీటర్లు దాటిన గాలికి కొబ్బరితో, జీడితో పాటు ఆ పనసా పడిపోయింది. నేను అప్పుడు ఖతర్‌లో ఉన్నాను. నాన్న ఫోన్‌లో తోట పోయిందని ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియలేదు. పడిన కొబ్బరి చెట్లకి విలువ లేకుండా పోయింది కానీ, పనస మానుని మాత్రం మా వడ్రంగి మావ అమ్మనివ్వలేదు. రెండంగుళాల మందాన పలకలు కోయించి, పలకకీ పలకకీ మధ్య సన్న కర్రముక్కలు పెట్టి, చివర్లకి పెయింటు పూసి, నీడన పేర్చి పెట్టించాడు. చివర్లు పూయకపోతే అటునుంచి తేమ త్వరగా పోయి బీటలు తీస్తుంది. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని ఆయన లెక్క. నేను బల్ల మొదలుపెట్టేసరికి ఆ పలకలు అంతకు రెండింతలు పైనే ఆరి, పసుపు తిరిగి తేనె రంగుకి వచ్చాయి.

కింద ఫ్రేము నా పని. 50 మిల్లీమీటర్ల యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనప బద్దె), 5 మిల్లీమీటర్ల మందం. బల్ల పొడుగు 1800, వెడల్పు 700 మిల్లీమీటర్లు. కాళ్ళకీ, పైనా కిందా చట్రాలకీ, మధ్య అడ్డానికీ కలిపి పద్నాలుగు మీటర్లు పట్టింది. మీటరుకి 3.8 కిలోల లెక్కన యాభై కిలోలు దాటిన ఇనుము. బరువుకి భయపడకూడదు, కదలని బల్లే మంచి బల్ల. ముందు అన్ని మూలలకీ చిన్న ట్యాకులు, అంటే తాత్కాలిక అతుకులు మాత్రమే వేసి, రెండు ఐమూలలూ టేపుతో కొలిచాను. రెండూ 1931 మిల్లీమీటర్లు వస్తే చట్రం మూలమట్టానికి సరిగ్గా ఉన్నట్టు. ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్. అదీ ఒక మూల కాస్త, దానికి ఎదురు మూల కాస్త వేసుకుంటూ పోవాలి. ఒకే చోట ఆపకుండా వేస్తే ఆ వేడికి చట్రం అటే లాగేస్తుంది.

పలకల్ని ఫ్రేముకి బిగించే దగ్గర మావకీ నాకూ కాసేపు వాదన జరిగింది. నేను గుండ్రటి బెజ్జాలు వేసి బోల్టులు బిగించేద్దామన్నాను.

"ఏటిరా అల్లుడూ, కర్రంటే ఇనుమనుకున్నావేటి? వానాకాలం వెడల్పున ఉబ్బుతాది, ఎండాకాలం లాగుతాది. పొడుగున కదల్దు. నువ్వలా బిగించీసేవంటే పలక పగిలిపోద్ది" అన్నాడు.

సరే మావా అని, యాంగిల్‌లో బెజ్జాల్ని వెడల్పు దిక్కున అంగుళం పొడుగు గాళ్ళుగా కోశాను. పెద్ద వాషర్లు వేసి, పలక కాస్త కదిలేంత బిగువుతో బోల్టులు పెట్టాం. పైప్ లైన్లలో కూడా వేడికి సాగడానికి ఒకవైపు సపోర్టుని జారేట్టే వదులుతాం. ఆయన చెప్పింది కర్ర విషయంలో అదే లెక్క. మావ ఏనాడూ విశాఖపట్నం దాటి వెళ్ళలేదు. ఖతర్ ఇంజనీర్లు డ్రాయింగులో చూపించేది ఆయన పలకని చేత్తో తడిమి చెప్పాడు. ఆ గౌరవం ఆయనకి దక్కాలని ఇది రాస్తున్నాను.

వైస్ ఆరంగుళాలది. దాన్ని బల్ల మధ్యలో పెట్టకూడదు, సరిగ్గా కాలి మీద ఉండే మూలన పెట్టాలి. సుత్తి దెబ్బ కాలి గుండా నేలకి పోతుంది, పలక ఊగదు. వెనక దవడ బల్ల అంచు దాటి కొద్దిగా ముందుకి రావాలి. అప్పుడే పొడుగాటి పైపుని నిలువుగా పట్టించినా బల్లకి తగలకుండా కిందికి దిగుతుంది. బల్ల 880, దాని మీద వైస్ సుమారు 170, మొత్తం 1050 మిల్లీమీటర్లు. నా మోచేతికి సరిపోయింది. మీ మోచెయ్యి కొలిచాకే మీ కాళ్ళు కొయ్యండి, నా అంకె తీసుకోవద్దు.

కరెంటు విషయంలో నేను ఎవరి మాటా వినలేదు. గల్ఫ్ సైట్లలో చాలాచోట్ల చేతి మిషన్లు 110 వోల్టుల మీద నడుస్తాయి, పసుపు ప్లగ్గులతో. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి మధ్యలో ఎర్త్ ఉంటుంది కాబట్టి వైరు తెగి తగిలినా ఒంటికి 55 వోల్టులే. మన ఇంట్లో నేరుగా 230. తడి నేల మీద చెప్పుల్లేకుండా గ్రైండర్ పట్టే అలవాటు మనది. అందుకని షెడ్డుకి విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చి) పెట్టించాను, బొగ్గూ ఉప్పూ వేసి కొత్త ఎర్త్ గుంత తీయించాను. బల్లకి అయిన ఖర్చు చూసి మా ఆవిడ "ఏమండీ, ఇంత డబ్బు దీనికా?" అని అడిగింది. ఎర్త్ గుంత గురించి వివరంగా చెప్పాక మాత్రం ఆవిడే వంటింటికీ అలాంటిది పెట్టించమంది.

నిప్పు ఇంకో సంగతి. అక్కడ వెల్డింగ్‌కి పర్మిట్ కావాలి. చుట్టూ 11 మీటర్ల లోపు మండే వస్తువు ఉండకూడదు, పని అయ్యాక అరగంట అయినా ఒక మనిషి కాపలా ఉండాలి. మా పెరట్లో ఏముంటుంది? కొబ్బరి డొక్కలు, కమ్మలు, ఎండిన జీడాకు, జీడిపిక్కల తొక్కు. తొక్కులో నూనె ఉంటుంది, అంటుకుంటే ఆర్పడం కష్టం. అందుకే వెల్డింగూ గ్రైండింగూ పనస బల్ల మీద చెయ్యను. షెడ్డు బయట ఇసక పోసిన చోట ఇనప స్టాండు వేశాను, పక్కన నీళ్ళ బకెట్టు. బల్ల మీద కొలతలు, ఆకురాయి, ఫిట్టింగు, మరమ్మతు మాత్రమే.

వేళలు కూడా అక్కడినుంచే తెచ్చుకున్నాను. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం పది నుంచి మూడున్నర వరకు ఎండలో బయట పని నిషేధం. మా రేకుల షెడ్డు ఏప్రిల్, మే నెలల్లో అంతకంటే తక్కువేం కాదు. కిడ్నీ జబ్బు ఇంటింటా భయంగా ఉన్న ఉద్దానం ఇది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది, అక్కడి వరండాలో మా ఊరివాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు కనబడతారు. జబ్బుకి కారణం ఏదైనా, ఒళ్ళు ఎండగొట్టుకునే పని ఇక్కడ ఎవరూ చెయ్యకూడదు. బల్ల పక్కన కుండ ఉంటుంది, పది దాటాక షెడ్డు తలుపు మూసేస్తాను.

సముద్రపు గాలికి ఇనుము నెలల్లో తుప్పు పడుతుంది. నీడల బోర్డు నేనూ వేశాను, కానీ మూలమట్టం, వెర్నియర్, స్పిరిట్ లెవెల్ మాత్రం బోర్డు మీద పెట్టను. మిషన్ ఆయిల్ అద్దిన గుడ్డలో చుట్టి మూత ఉన్న పెట్టెలో ఉంచుతాను.

బల్ల తయారయ్యాక జనం వాళ్ళంతట వాళ్ళే రావడం మొదలైంది. జీడిపిక్కలు కొట్టే మిషన్ కత్తులు సాన పట్టమని, పంపుసెట్టు ఫుట్‌వాల్వు చూడమని. అన్నిటికంటే నాకు తృప్తి మా అప్ప కొడుకుని చూస్తే. ఐటీఐ ఫిట్టర్ చదివాడు. గల్ఫ్‌కి వెళ్ళాలంటే ముందు ట్రేడ్ టెస్టు నెగ్గాలి. దానికని బొంబాయి దాకా వెళ్ళి, అప్పు చేసిన డబ్బు పోగొట్టుకుని, ఫెయిలై తిరిగొచ్చిన కుర్రాళ్ళు మా వైపు ఎంతమందో. వాళ్ళకి పైపు ముట్టుకునే అవకాశమే సరిగా దొరకదు. స్క్రాపులో కొన్న ఆరంగుళాల పైపు ముక్కలు తెచ్చి వీడికి ఇచ్చాను. పేరుకి ఆరంగుళాలైనా బయటి వ్యాసం 168.3 మిల్లీమీటర్లు ఉంటుంది, కొలిచి చూసుకో అన్నాను. అంచుని బెవెల్ చెయ్యాలి, అంటే ఏటవాలుగా చెక్కాలి, రెండు ముక్కల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు చుట్టూ ఒకేలా రావాలి, లోపలి అంచుల ఎత్తుపల్లం ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. ఫ్లాంజి (పైపు చివర అతికే బోల్టు బెజ్జాల చక్రం) పెడితే పై రెండు బెజ్జాలూ మధ్యగీతకి అటూ ఇటూ సమంగా కూర్చోవాలి, లెవెల్ పెట్టి చూడాలి.

"చిన్న మావా, సందు కింద రెండున్నరే వస్తాంది" అంటాడు.

"అయితే ట్యాకు కోసెయ్యి, మళ్ళీ పెట్టు" అంటాను.

వాడితో పాటు ఇప్పుడు వీధిలో ఇంకో ఇద్దరు వస్తున్నారు. టెస్టులో అడిగేది ఇదే. నేల మీద కూర్చుని ఇది నేర్చుకోలేరు.

సెలవుకి వచ్చేవాళ్ళు అక్కడినుంచి ఏం తేవాలని అడుగుతుంటారు. మంచి స్పిరిట్ లెవెల్, మూలమట్టం, ఆకురాళ్ళు తెచ్చుకోండి, విమానంలో బరువుకి విలువైన సామాను అవే. వైస్ తేకండి, లగేజీ సగం అదే తింటుంది, ఇక్కడ దొరుకుతుంది. అక్కడి గ్రైండింగ్ డిస్కులు కూడా వద్దు. అక్కడ ఎక్కువగా వాడేవి 115 మిల్లీమీటర్లవి, బెజ్జం 22 పైచిలుకు. మన నాలుగంగుళాల మిషన్‌కి 16 బెజ్జం కావాలి. బెజ్జంలో ఏదో చుట్టి బిగించి తిప్పితే డిస్కు పగిలి మొహం మీదికొస్తుంది. ఇక్కడ కొనే డిస్కుకైనా మధ్య ఇనప రింగు మీద గడువు తేదీ ఉంటే చూడండి. తయారైన మూడేళ్ళకి అది పాతబడినట్టే, మన తేమ గాలికి ఇంకా ముందే. 110 వోల్టుల మిషన్లు అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయని కూడా తేవద్దు, ఇక్కడి 230లో పెడితే వెంటనే కాలిపోతాయి. 240 వోల్టుల గ్రైండర్ అయితే ప్లగ్గు మార్చుకుంటే చాలు, నాది అలాగే నడుస్తోంది.