మత్తయి 24 అయిపోయిందా, ఇంకా జరగాలా?

నిన్న బైబిల్ స్టడీలో మత్తయి 24 మీద, అంటే దేవాలయం కూలడం గురించి, తన రెండో రాకడ గురించి యేసు ముందే చెప్పిన అధ్యాయం మీద, పెద్ద వాదనే అయింది. ఒక అన్నేమో అదంతా క్రీ.శ. 70లోనే నెరవేరింది, రోమా సేనాని టైటస్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చేసింది కదా అంటాడు, పాస్టర్ గారేమో కాదు బాబూ మహాశ్రమ, అంటే అంత్యకాలంలో వచ్చే ఘోరమైన శ్రమల కాలం, ఇంకా ముందుంది అంటారు. దేవాలయం వరకు నాకు అన్న మాటే నిజమనిపిస్తుంది, ఇవన్నీ జరిగేదాకా ఈ తరం గతించదని ప్రభువు ఎదురుగా ఉన్న శిష్యులతోనే చెప్పాడు. కానీ ప్రభువు రాకడ, చనిపోయినవాళ్ల పునరుత్థానం కూడా అయిపోయాయంటే మాత్రం అస్సలు ఒప్పుకోను, పునరుత్థానం గతించిందని చెప్పిన హుమెనైయు, ఫిలేతు కొందరి విశ్వాసాన్ని చెరుపుతున్నారని పౌలే తిమోతికి రాశాడు. అమ్మని సమాధి చేసినరోజు నన్ను నిలబెట్టింది ఆ నిరీక్షణే. చివర్లో అన్న, పాస్టర్ గారు ఒకరినొకరు దుర్బోధకులు అనుకున్నారు, అది చాలా బాధేసింది. వచ్చేవారం పౌలు రాసిన రెండో థెస్సలొనీకయుల పత్రిక చదువుతున్నాం, ఇద్దరూ రావాలని ప్రార్థన చేస్తున్నా.