బోర్డు మీద తెల్ల పొర

నిన్న తెల్లవారుజామున టైమర్ సరిగ్గా 18 నిమిషాలకే మారింది. వేడి మీదే రాసేస్తున్నాను.

భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువులో రెండు సెట్ల ఏరియేటర్లు, అంటే నీళ్లు చిమ్మి గాలి కలిపే చక్రాలు. 18 నిమిషాలకోసారి ఒకటి ఆగి రెండోది తిరగాలి. ఆ పని చేసే టైమర్ బోర్డులో (555 అనే చిప్‌తో నడిచేది) రిలే, అంటే కరెంటుని అటూ ఇటూ మార్చే స్విచ్, పోయింది. కొత్తది నేనే టంకం పెట్టాను, పావుగంట పని. పగలంతా బాగానే తిరిగింది. తెల్లారగట్ట మంచు పడే వేళకి 18 నిమిషాలు కాస్తా ఐదు నిమిషాలైంది. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది ఆ వేళే. బాబాయి మూడు రాత్రులు చెరువు గట్టు మీదే పడుకున్నాడు.

బోర్డు తిప్పి చూస్తే టంకం చుట్టూ తేనె రంగులో జిగురు. టంకం బాగా అంటుకోవాలని నేను దండిగా పూసిన పేస్టే. మెడికల్ షాపు స్పిరిట్‌తో, దూదితో తుడిచాను. తడిగా ఉన్నప్పుడు అద్దంలా మెరిసింది. ఆరేసరికి బోర్డంతా తెల్లటి పొర, కాళ్ల చుట్టూ దూది పీచు. ఆ రాత్రి టైమర్ ఇంకా పిచ్చిగా ఆడింది.

టౌన్లో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. ఆయన బోర్డు పైకెత్తి అక్కడున్న నలుగురికీ చూపించి, "ఏంటండీ బాబూ, దీనికి సున్నం కొట్టారా?" అన్నాడు. అందరూ నవ్వారు. దీన్ని ఎలా కడగాలండీ అని అడిగితే, "అది మీవల్ల కాదులెండి, ఇక్కడ పెట్టి 600 ఇచ్చి వెళ్లండి" అన్నాడు. బోర్డు లాక్కుని వచ్చేశాను. ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయింది? పని నేర్చుకుంటానని వచ్చినవాడిని పదిమందిలో అలా నిలబెట్టడం తప్పు. ఇప్పటికీ కడుపు మండుతోంది.

ఆయన చెప్పనిది నేను చెబుతాను. పేస్టులో ఉండేది రోజిన్, అంటే పైన్ చెట్టు బంక. అది ఆల్కహాల్లో కరుగుతుంది, నీళ్లలో కరగదు. స్పిరిట్లో నీళ్ల పాలు ఉంటుంది. ఆల్కహాల్ ముందు ఎగిరిపోతే మిగిలిన తడిలో బంక తెల్లగా పేరుకుంటుంది. అంటే నేను దాన్ని తీయలేదు, కరిగించి బోర్డంతా పరిచాను. దానికి మంచు తగిలితే కరెంటు సన్నగా పాకుతుంది. ఈ బోర్డులో కెపాసిటర్ కరెంటుతో నిండడానికి పట్టే సమయమే టైము. దాన్ని నెమ్మదిగా నింపే 10 లక్షల ఓముల రెసిస్టర్ పక్కన ఆ చిన్న దారి చాలు, కెపాసిటర్ తొందరగా నిండిపోతుంది, టైమర్ ముందే మారిపోతుంది.

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెప్పించాను. బోర్డుని ఏటవాలుగా పట్టుకుని, మెత్తని టూత్ బ్రష్‌తో రుద్ది, ఆరకముందే పైనుంచి కొత్త ఆల్కహాల్ పోసి, కారినదాన్ని పాత పంచె గుడ్డతో అద్దాను. తుడవకూడదు, అద్దాలి. మొదటిసారి గుడ్డ పసుపెక్కింది, మూడోసారికి తెల్లగానే ఉంది. టార్చి వాలుగా వేస్తే టంకం చుట్టూ రాగి గీతలు విడివిడిగా కనిపించాయి. రిలే లోపలికి మాత్రం దిగనివ్వద్దు. అసిటోన్ జోలికి పోవద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఈ పని వంటింట్లో అసలే వద్దు: 12 డిగ్రీలు దాటితే చాలు, ఐసోప్రొపైల్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. మన గోదావరి జిల్లాల్లో అంతకన్నా చల్లబడే రోజు ఎక్కడుంది?

మధ్యాహ్నం ఎండలో ఆరబెట్టి సాయంత్రం బిగించాను. తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్లో టైము పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాం. 18 నిమిషాలకి టక్కున శబ్దమైంది, అవతలి చక్రాలు నీళ్లు చిమ్మడం మొదలుపెట్టాయి. "పడుకోరా ఇంక" అని బాబాయి దుప్పటి తీసుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు.