ఆదివారం సాయంత్రం ఇందిరా పార్కులో: ఈ మధ్య మేం చదివిన పుస్తకాలు

గ్రూప్-2కి చదువుతున్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే.

ముందే ఒక మాట. నాకింకా ఉద్యోగం రాలేదు. 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగిన తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2 రాశాను, సెలెక్ట్ కాలేదు. మళ్లీ చదువుతున్నాను. ర్యాంకు ఎలా కొట్టాలో ర్యాంకు వచ్చినవాళ్లు చెప్తేనే బాగుంటుంది. నేను రాస్తున్నది ఎనిమిది నెలలుగా మేం నలుగురం కలిసి చేస్తున్న ఒక పని గురించి. దాని వల్ల నా చదువు మారింది. మీలో ఒక్కరికైనా పనికొస్తుందని నమ్మి రాస్తున్నాను.

మొదటిసారి ప్రిపేర్ అయినప్పుడు ఒక్క తెలంగాణ ఉద్యమానికే నా దగ్గర ఐదు పుస్తకాలు ఉండేవి. వాటికి తోడు మూడు రకాల జిరాక్స్ మెటీరియల్. అశోక్‌నగర్‌లో గది, చిక్కడపల్లి లైబ్రరీలో సీటు, మధ్యలో ఐదు రూపాయల భోజనం. పొద్దున్నే వెళ్లి సీటు పట్టుకుంటే రాత్రి దాకా లేచేవాణ్ణి కాదు. ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు, మాట్లాడితే టైమ్ పోతుందని. పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ టెన్షన్‌తో ఇంకో పుస్తకం కొన్నాను. ఇంటి నుంచి నాన్న పంపిన డబ్బులు అవి. తీరా పేపర్-4లో ఈ సంఘటనలను కాలక్రమంలో పెట్టండి అన్న ప్రశ్నలు చూస్తే, నాలుగూ నాకు తెలిసినవే. ఏది ముందో ఏది వెనకో మాత్రం తేల్చుకోలేకపోయాను. ఇంటికి వెళ్లి కీతో సరిచూసుకున్న ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫలితాల తర్వాత ఒకరోజు మా గదిలో ఉండే వరంగల్ అన్న నన్ను కూర్చోబెట్టాడు. "తమ్మీ, పుస్తకం మూసెయ్. 371-డి ఎందుకు పెట్టిన్రో నాకు చెప్పు" అన్నాడు. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికుల అవకాశాల గురించిన రాజ్యాంగ అధికరణ అది. 32వ రాజ్యాంగ సవరణ అని చెప్పాను. సంవత్సరం చెప్పాను. "అది కాదు, ఎందుకు?" అన్నాడు. నోట మాట రాలేదు. ఆ అధికరణను నేను కనీసం పదిసార్లు చదివి ఉంటాను. ఒక్కసారి కూడా ఇంకో మనిషికి చెప్పలేదు.

అప్పుడు అన్న మొదలుపెట్టాడు. 1919లో నిజాం ఫర్మానా, పదిహేనేళ్లు ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే సంస్థానంలో ఉద్యోగం, ఇవే ముల్కీ నిబంధనలు. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం. 1957లో పార్లమెంటు చేసిన చట్టం తెలంగాణ ఉద్యోగాలకు నివాస షరతు పెట్టింది, 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదంది. అదే ఏడాది ఇక్కడ విద్యార్థులు రోడ్ల మీద ఉన్నారు. 1972 అక్టోబర్ 3న అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇచ్చేసరికి అటువైపు ప్రత్యేక ఆంధ్ర కావాలని జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. రెండు వైపుల వాళ్లనూ సర్దుబాటు చేయడానికి ఆ సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం తెచ్చారు. ఆ పథకానికి రాజ్యాంగంలో చోటు కావాలి కాబట్టి 32వ సవరణ, 371-డి. దాని కింద 1975 అక్టోబర్ 18న రాష్ట్రపతి ఉత్తర్వులు. అవి సరిగా అమలు కాలేదు కాబట్టి ఆ ఉల్లంఘనలను సరిదిద్దమంటూ 1985 డిసెంబర్ 30న 610 జీవో.

అరగంటలో చెప్పాడు. మధ్యలో ఒక్క కాగితం చూడలేదు. ఇప్పుడు ఆ వరుస నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఒకటి జరిగింది కాబట్టి ఇంకొకటి జరిగిందని తెలిశాక తేదీల కోసం విడిగా కష్టపడాల్సిన పని ఉండదు.

ఆ వారం నుంచే మా ఆదివారాలు మొదలయ్యాయి. అన్న, నేను, లైబ్రరీలో పరిచయమైన నల్గొండ అక్క, సిద్దిపేట నుంచి వచ్చిన ఒక చెల్లె. సాయంత్రం ఐదింటికి ఇందిరా పార్కులో కలుస్తాం. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. ఈ వారం ఏం చదివామో పుస్తకం, నోట్సు చూడకుండా చెప్పాలి. మిగతా ముగ్గురూ ప్రశ్నలు అడుగుతారు. జవాబు రాకపోతే వచ్చే వారం మళ్లీ అదే చెప్పాలి. ఇంతకు మించి రూల్స్ లేవు. మొదటి రెండు వారాలు నాకు గొంతు వణికింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఎప్పుడూ వెనక బెంచీ. పదిమంది ముందు మాట్లాడటం అలవాటు లేని వాళ్లు భయపడకండి, నాలుగో వారానికి అదే పోతుంది.

అన్న ఈ మధ్య చెప్పిన పుస్తకం సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి అవార్డు, 1955లో, ఈ పుస్తకానికే వచ్చిందనే ఒక్క బిట్టుగానే నాకు అది తెలుసు. అన్న మొత్తం చదివాడు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ దేవుళ్లకు మొక్కారు అని రాశారట. దానికి ఆధారాలు ఎక్కడివి? కావ్యాలు. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులు ఎలా ఉండేవో 'క్రీడాభిరామం' నుంచి, శైవుల జీవితం పాల్కురికి సోమనాథుడి నుంచి ఏరుకొచ్చారట. "మనం సాహిత్యం ఒక చాప్టర్, సమాజం ఒక చాప్టర్ అని విడివిడిగ చదువుతున్నం. ఆయన ఒకదానితోని ఇంకోటి రాసిండు" అన్నాడు అన్న. ఆ మాట విన్నాక కాకతీయుల చాప్టర్ మళ్లీ తీశాను. 1213 నాటి రామప్ప గుడి, ఆ పక్కనే చెరువు, 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు ఇచ్చిన అభయ శాసనం, ఇవన్నీ ఇంతకుముందు నాకు వేర్వేరు బిట్లు. చెరువు కింద పంట పండింది, పంట వల్ల శిస్తు, శిస్తుతో గుడి, రేవు నుంచి సుంకం అని కలిపి చూడటం మొదటిసారి వచ్చింది. అదే ప్రతాపరెడ్డి గారు తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఈ సంఖ్య బట్టీ పట్టినప్పుడు మూడుసార్లు మర్చిపోయాను. ఎందుకు తెచ్చారో అన్న చెప్పాక మర్చిపోలేదు.

అక్క సంగతి వేరు. ఆమెకు ఐదేళ్ల బాబు. ఉప్పల్ నుంచి బస్సులో వస్తుంది, చదివేది ఎక్కువగా బాబు పడుకున్నాకే. ఆమె దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' నవల గురించి చెప్పిన ఆదివారం మేం చీకటి పడేదాకా లేవలేదు. పేపర్-2 సిలబస్‌లో సామాజిక సమస్యల కింద వెట్టి అని ఒక పదం ఉంటుంది. గైడ్‌లో దానికి ఒక పేరా. అక్క ఆ నవల్లోని గడి (దొర ఉండే కోట లాంటి ఇల్లు), దొర, వెట్టి చేసే మనుషుల గురించి చెప్తూ చెప్తూ వాళ్ల నాయనమ్మ దగ్గరికి వచ్చింది. చిన్నప్పుడు గడికి నీళ్లు మోయడానికి వంతులు ఉండేవట. జ్వరం వచ్చినా వంతు తప్పేది కాదట. "పుస్తకంల చదివినంక ఊరికి పోయి నాయనమ్మను అడిగిన. అప్పటిదాక ఆమె ఎన్నడూ చెప్పలే, మేం ఎన్నడూ అడగలే" అంది. చెల్లె కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత సిలబస్‌లో అదే వరుసలో ఉన్న ఫ్లోరోసిస్ గురించి కూడా అక్కే చెప్పింది, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ఏమవుతుందో. వాళ్ల మండలంలో వంగిపోయిన కాళ్లను చూస్తూ పెరిగిన మనిషి చెప్తుంటే అది ఇక ఒక బిట్టులా అనిపించదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నవల చదవడం బాగుంది కదా అని నేను ఒక వారం అంతా నవలే చదివాను, పాలిటీ పక్కన పడేశాను. అది తప్పు. ఇప్పుడు నలుగురికీ కలిపి నెలకు ఒక్క నవల, ఒక్కరే చదివి మిగతావాళ్లకు చెప్తారు. నచ్చితే పరీక్ష అయ్యాక చదువుకుంటాం. నా పేరు మీద ఇప్పటికే నాలుగు పుస్తకాలు ఆ లిస్టులో ఉన్నాయి.

చెల్లె బీటెక్ చేసింది, ఎకానమీ ఆమెది. తెలుగు అకాడమీ పుస్తకం, రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే, న్యూస్‌పేపర్, ఈ మూడే చదువుతుంది. తెలుగు మీడియం వాళ్లకు ఆమె నుంచి నేను నేర్చుకున్న ఒక విషయం తప్పకుండా చెప్పాలి. ఒకే మాటకు ఒక్కో పుస్తకం ఒక్కో పేరు రాస్తుంది. ఫిస్కల్ డెఫిసిట్‌ను ఒకరు కోశ లోటు అంటారు, ఒకరు ద్రవ్యలోటు, ఇంకొకరు విత్త లోటు. నేను అవి మూడు వేర్వేరు లోట్లు అనుకుని చాలాకాలం చదివాను. చెల్లె ఒక నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ మాట ఒక పక్క, దానికి కనిపించిన తెలుగు పేర్లన్నీ ఇంకో పక్క రాసుకుంటుంది. ఆ నోట్‌బుక్ మేం ముగ్గురం కాపీ చేసుకున్నాం. ప్రాథమిక లోటు కూడా ఆమె చెప్పాకే అర్థమైంది. ఇంట్లో ఈ ఏడు అప్పు తెచ్చాం, అందులో పాత అప్పుల వడ్డీకి పోయింది తీసేస్తే నిజంగా ఈ ఏటి ఖర్చు కోసం ఎంత అప్పు చేశామో తెలుస్తుంది, అంతే అంది. మా ఇంట్లో ఆ లెక్క ప్రతి ఏడూ చూసినవాణ్ణి నేను. పుస్తకంలో మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

పాలిటీకి నలుగురం లక్ష్మీకాంత్ గారి పుస్తకం ఒక్కటే చదువుతాం, దాని గురించి కొత్తగా చెప్పేది లేదు. పాత ఎడిషన్ కొన్నవాళ్లు కొత్త సవరణలు పక్కన రాసుకోండి, చాలు.

నా వంతుకు గత నెల గ్రంథాలయ ఉద్యమం వచ్చింది. హైదరాబాద్‌లో 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, ఆ ఉద్యమంలో పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా. ఇవి మీ అందరికీ తెలుసు. సుల్తాన్ బజార్‌లో ఆ నిలయం ఇప్పటికీ ఉంది. కోఠిలో పాత పుస్తకాల కోసం ఎన్నిసార్లో వెళ్లాను, ఒక్కసారి లోపలికి అడుగు పెట్టలేదు. ఈసారి చెప్పాలి కాబట్టి వెళ్లాను. పేపర్లు చదువుకుంటున్న పెద్దవాళ్ల మధ్య కాసేపు కూర్చున్నాను. తెలుగులో చదువు చెప్పే బడి దొరకడమే కష్టమైన రోజుల్లో, తెలుగు పుస్తకాలు ఒకచోట పెట్టి వచ్చి చదవండి అని పిలిచారు వాళ్లు.

తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి గారి గురించి చదివాను. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. అచ్చు వేసిన పుస్తకాలను గంపలో నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మారు. జైలుకు వెళ్లారు. నిజామాబాద్ జైల్లో దాశరథి కృష్ణమాచార్య గోడల మీద బొగ్గుతో పద్యాలు రాస్తుంటే పక్కన ఉన్నది ఈయనే. ఇది చెప్తున్నప్పుడు నా గొంతు పూడుకుపోయింది. మొదటిసారి ప్రిపరేషన్‌లో నా నోట్సు పక్కవాడు చూస్తాడేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకున్న రోజులు గుర్తొచ్చాయి. లైబ్రరీలో ఒక తమ్ముడు నా పుస్తకం ఒక్క గంట ఇవ్వమని అడిగితే లేదన్నాను. ఆ తమ్ముడు తర్వాత ఇంటికి వెళ్లిపోయాడని విన్నాను. ఎక్కడున్నా బాగుండాలి.

నలుగురితో చెప్పుకోవడం మొదలయ్యాక పుస్తకాల ఖర్చు కూడా తగ్గింది. ఇప్పుడు ఒక పుస్తకం నలుగురికి ఒకటే. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి చూస్తాం, లేకపోతే లైబ్రరీలో తీసుకుంటాం. పీడీఎఫ్‌లు పోగేయడం మానేశాను. ఫోన్‌లో ఉన్న నూటయాభై ఫైళ్లలో నేను తెరిచినవి పది కూడా లేవు, అన్నీ తీసేశాను.

ఒంటరిగా చదివేవాళ్లకు నలుగురు దొరక్కపోతే ఒక్కరు చాలు. మా చెల్లె నెల కిందట వాళ్లమ్మకు ఆపరేషన్ అయితే ఊరికి వెళ్లింది. ఇంకా రాలేదు. అయినా ఆదివారం ఐదింటికి ఫోన్ చేస్తుంది. మేం బెంచీ మీద ఫోన్ పెట్టి స్పీకర్ ఆన్ చేస్తాం. వాళ్లమ్మ మంచం పక్కన కూర్చుని చెప్తుంది. మొన్న మధ్యలో వాళ్లమ్మే అడిగింది, "బిడ్డా, రెపో రేటు తగ్గితే మన సంఘం లోను వడ్డీ గూడ తగ్గుతదా?" అని. బెంచీ దగ్గర ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, ఎవరు నిర్ణయిస్తారో, కమిటీలో ఆరుగురు ఎవరో, ద్రవ్యోల్బణం లక్ష్యం నాలుగు శాతం అటూ ఇటూ రెండు అని గడగడా చెప్పగలం. మహిళా సంఘం లోనుకు బ్యాంకు వడ్డీ ఎలా లెక్క కడుతుందో మాలో ఎవరికీ సరిగా తెలియదు.

వచ్చే ఆదివారం ఆ జవాబు చెప్పే వంతు నాది. అమ్మ కూడా లైన్‌లో ఉంటానంది.