తరగతి పక్కనపెట్టి, స్థాయి చూసి చదివించడం: నా అనుభవం

సర్కారు ప్రాథమిక బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తెలుగు చదవడం నేర్పే పని ఏటా జూన్‌లో కొత్తగా మొదలవుతుంది. ఆ పని ఎలా నడిపిస్తున్నానో, ఎక్కడ ఆగిపోతుందో, ఒకచోట కుదిరిన పద్ధతి ఇంకోచోట ఎందుకు కుదరదో రాస్తున్నాను. కొత్తగా పోస్టింగ్ వచ్చిన ఎస్‌జీటీలకు, అంటే ప్రాథమిక బడి టీచర్లకు, బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులకు పనికొస్తుందని నా ఆశ.

ముందు అంకెలు చూడాలి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే అసర్ సర్వే 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చేత చదివించి చూస్తోంది. 2018లో తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 18.1 శాతం. కరోనాకు బడులు మూతపడ్డాక 2022లో అది 5.2కు పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు. కేరళ కూడా పడింది, కానీ 52.1 నుంచి 38.7కు. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కు. అంటే కరోనాకు ముందే మనం దేశ సగటుకు కింద ఉన్నాం.

తెలుగు లిపి కష్టం గనక మనవాళ్లు వెనకబడ్డారనే మాట చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో తరచూ వినబడుతుంది. గుణింతాలు, సంయుక్తాక్షరాలు మలయాళానికీ ఉన్నాయి. లిపి వల్ల కొన్ని నెలలు ఆలస్యమవుతుందంటే ఒప్పుకుంటాను. ఐదో తరగతికి వచ్చినా నాలుగు వాక్యాలు చదవలేకపోవడానికి మాత్రం లిపిని తప్పుపట్టలేం. అక్షరాలే రాని పిల్లవాడి ముందు మూడో తరగతి పాఠం తెరిచి సిలబస్ నడిపించుకుంటూ పోతున్నాం. చాలా బడుల్లో జరుగుతున్నది ఇదే.

బడి తెరిచిన రెండు వారాల్లోపు ఒక్కో పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టి చదివించి చూస్తాను. దీనికి పాఠ్యపుస్తకం వాడకూడదు. కిందటేడు పాఠం సగంమందికి నోటికి వచ్చేసి ఉంటుంది. వేలు రెండో వాక్యం మీద ఉంటే నోరు నాలుగో వాక్యం చెబుతుంటుంది. అందుకే ఎప్పుడూ చూడని కాగితం ఇవ్వాలి. ఒకే ఏ4 కాగితం మీద పది అక్షరాలు, పది చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల కథ ఉంటే చాలు. మొదలుపెట్టేది పేరాతో. మూడు తప్పుల్లోపు, మాటమాటకూ ఆగకుండా వాక్యంలా చదివితే కథ ఇస్తాను. తడబడితే మాటలకు దిగుతాను. వాటిలో ఏవైనా ఐదు మాటల్లో నాలుగు సరిగ్గా చదివితే మాటల స్థాయి. లేదంటే అక్షరాలు, అక్కడా ఐదింట నాలుగు. అవీ రాకపోతే ప్రారంభ స్థాయి. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మిగతా పిల్లలకు వినబడనంత దూరంలో చేయాలి, లేకపోతే ఐదో పిల్లవాడి వంతు వచ్చేసరికి పేరా అందరికీ కంఠతా వచ్చేస్తుంది.

తప్పు లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. కాగితం మీద 'వస్తున్నాడు' అని ఉంటే మా పిల్లవాడు 'వస్తుండు' అని చదువుతాడు. అది చదవడం రాకపోవడం కాదు. అక్షరాలు చూసి, అర్థం పట్టుకుని, ఇంట్లో మాట్లాడే తీరులో పలికాడు. దాన్ని తప్పుగా వేయను. 'వస్తున్నాడు' బదులు 'వసతనడు' అని ముక్కముక్కలుగా చదివితే మాత్రం వత్తులు, దీర్ఘాలు రావని అర్థం.

పరీక్ష అయ్యాక మూడు తరగతులనూ కలిపి గుంపులు చేస్తాం. ప్రారంభ, అక్షర స్థాయిలు ఒక గుంపు. మాటల స్థాయి ఒకటి. పేరా, కథ స్థాయిలు ఒకటి. రోజూ గంటన్నర ఇలాగే కూర్చుంటారు, ఆ గంటన్నర అయ్యాక ఎవరి తరగతికి వాళ్లు వెళ్తారు. ఐదో తరగతి పిల్లవాడు మూడో తరగతి వాళ్ల పక్కన కూర్చోవడానికి మొహమాటపడతాడు. గుంపులకు నంబర్లు కాకుండా చెట్ల పేర్లో పక్షుల పేర్లో పెట్టి, నేల మీద గుండ్రంగా కూర్చోబెడితే వారంలో సర్దుకుంటుంది. ఇద్దరే టీచర్లున్న బడిలో అందరికన్నా వెనకబడ్డ గుంపుకు అనుభవమున్న టీచర్ ఉండాలి. చాలాచోట్ల దీనికి తిరగేసి చేస్తారు. చదవడం వచ్చిన పిల్లలను సీనియర్లు తీసుకుని, రానివాళ్లను కొత్తవాళ్లకు అప్పజెబుతారు.

అక్షర గుంపుతో అ, ఆ, ఇ, ఈ వరస పట్టుకుని పోతే ఔ దాకా వచ్చినా పిల్లవాడు ఒక్క మాట చదవలేడు. గ, ప, ర, ల, వ, త, క, మ, న ముందు నేర్పి, సున్న కలిపితే వెంటనే వల, తల, పలక, గంప, రంగం వచ్చేస్తాయి. ఋ, ఙ, ఞ, ఠ, ఝ లాంటివి చివరికి వదిలేయొచ్చు. కలగాపులగం అయ్యే జతలను ఒకే రోజు నేర్పకూడదు: ప-వ, మ-య, బ-భ, ద-ధ-థ, డ-ఢ. వీటన్నిటికన్నా మొండి జత మ-వు. వ పక్కన కొమ్ము తగిలిస్తే మ అయిపోతుంది గనక వు, పు, ఫు లకు కొమ్ము కిందికి దించి రాస్తాం. ఈ సంగతి ఎవరూ పిల్లలకు చెప్పరు. 'ఆవు' ని 'ఆమ' అని చదివే పిల్లవాడికి రెండూ నల్లబల్ల మీద పక్కపక్కన పెద్దగా రాసి, కొమ్ము ఎక్కడ మొదలవుతుందో వేలితో గీయిస్తే ఆ తప్పు తొందరగా పోతుంది.

గుణింతాల దగ్గర అలవాటైన పద్ధతి అడ్డంగా చదివించడం: క, కా, కి, కీ. అది పాటలా నోటికి పట్టేస్తుంది, చూపు అక్షరం మీద ఉండదు. నేను నిలువుగా చదివిస్తాను: కి, గి, చి, జి, తి, ని, పి. అప్పుడు గుడి అంటే ఏమిటో పిల్లవాడే పట్టుకుంటాడు. తర్వాత చార్టు మీద ఎక్కడబడితే అక్కడ వేలుపెట్టి అడగాలి. నలుగురికి ఒక చార్టు ఉండాలి. గోడకు ఎత్తుగా కట్టిన ఒక్క చార్టు ముందు ముప్పైమంది నిలబడితే ముందు వరసవాళ్లే చదువుతారు, వెనకవాళ్లు వాళ్ల నోరు చూసి అంటారు. మొ, యొ, ఘొ, ఝొ ల ఒత్వం మామూలుగా ఉండదు, ఎత్వానికి కొమ్ము కలుస్తుంది. వాటిని విడిగా చూపించాలి.

మాటల గుంపు వత్తుల దగ్గర ఆగిపోతుంది. చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి, తేలిగ్గా వస్తాయి. త, న, మ, య, ర, ల వత్తులకు అక్షరంతో పోలిక ఉండదు. ఈ ఆరింటికీ కనీసం రెండు వారాలు కేటాయించాలి. అత్త, అన్న, అమ్మ, పుల్ల ముందు. వాక్యం, చక్రం తర్వాత. చక్రాన్ని 'చకరం' అని చదివితే వత్తు పోల్చుకున్నాడు గానీ కలిపి పలకడం రాలేదని అర్థం. అప్పుడు రాయించే కన్నా పలికించడమే మందు.

పేరా గుంపుకు చేసేది తేలిక, కానీ రోజూ చేయాలి. టీచర్ వేలు నడిపిస్తూ ఒకసారి చదవాలి. తర్వాత అందరూ కలిసి, ఆ తర్వాత జతలుగా, చివర ఒక్కొక్కరూ. చదివాక పుస్తకం మూయించి ఏం జరిగిందో వాళ్ల మాటల్లో చెప్పించాలి. కథ స్థాయికి చేరినవాళ్లకు లైబ్రరీ పుస్తకాలు ఇచ్చి, చదివినదాని మీద నాలుగు వాక్యాలు రాయించాలి. వాళ్లను ఏడాదంతా చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పనికి పెట్టడం అన్యాయం, వాళ్లూ నేర్చుకోవడానికే బడికి వస్తున్నారు.

రెండు వారాలకోసారి మళ్లీ చదివించి చూసి గుంపులు మారుస్తాను. ఇది ఆపేస్తే పద్ధతంతా కూలిపోతుంది. జూన్‌లో అక్షర గుంపులో కూర్చున్న పిల్లవాడు డిసెంబరులోనూ అక్కడే ఉంటే అది గుంపు కాదు, వెనక బెంచీ.

ఇక ప్రాంతాల తేడాలు. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత హైదరాబాద్ జిల్లాలో 83 శాతం, అప్పటి మహబూబ్‌నగర్‌లో 55 శాతం. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఆ లెక్కలో ఉన్నవాళ్లే. ఇంట్లో చదివించేవాళ్లు లేని పిల్లవాడికి బడిలో గడిచే గంటన్నరే ఆధారం, అదీ పోతే ఇంకేమీ లేదు. గద్వాల వైపు విత్తనాల కోసం వేసే సీడ్ పత్తిలో సాయంత్రం మొగ్గ గిల్లి, మర్నాడు పొద్దున పుప్పొడి అంటించాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ క్రాసింగ్ పనికి పిల్లలను తీసుకుపోతారు. నారాయణపేట, మక్తల్ వైపు, ఇటు ఆదోని, కోసిగి వైపు పంటలయ్యాక కుటుంబాలు వలసపోతాయి. అక్కడ జూన్, జులైలను అడ్మిషన్లకూ రికార్డులకూ ఖర్చుపెడితే ఏడాది పోయినట్టే. ఈ ఊళ్లలో నా సలహా, పెద్ద అడుగు మొదటి ఎనిమిది వారాల్లోనే వేయాలి. వలసకు ముందు వాళ్ల సంచిలో ఒక గుణింతాల చార్టు, పది పేరాల కాగితాలు పెట్టి పంపాలి. సీజనల్ హాస్టల్ ఉన్న ఊళ్లో పిల్లవాడిని అక్కడ ఉంచేలా సెప్టెంబరులోనే తల్లిదండ్రులతో మాట్లాడాలి. బయల్దేరే ముందురోజు మాట్లాడితే కుదరదు.

ఆసిఫాబాద్, ఉట్నూరు ఏజెన్సీల్లో, మహబూబాబాద్ తండాల్లో సమస్య వేరు. గోండి మాట్లాడే పిల్లకు నీళ్లంటే ఏర్. తండా పిల్లకు పాణి. తెలుగు మాట తెలియకుండా తెలుగు అక్షరాలు కూడబలికితే చప్పుడు వస్తుంది, అర్థం రాదు. మొదటి ఇరవై మాటలు ఇంటి భాషవే తెలుగు లిపిలో రాసి చదివిస్తే అక్షరం పట్టుబడుతుంది, తెలుగు మాటలు నోటిమాటగా పక్కన నేర్పుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టింది ఈ ఆలోచనతోనే. ఆ వాచకాలు మూలనపడిన బడుల్లో ఇప్పటికీ బీరువా వెతికితే దొరుకుతాయి, తీసి వాడుకోవాలి. జహీరాబాద్ వైపు కన్నడ, ఉర్దూ, బోధన్ వైపు మరాఠీ ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది.

కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం తెచ్చింది, 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా చదవాలని లక్ష్యం. తెలంగాణలో 2022 ఆగస్టులో అలాంటిదే తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్ పేరుతో ఏడాది మొదట్లో, మధ్యలో, చివర మూడుసార్లు పరీక్ష. చట్రం బాగుంది. పాడయ్యేది రికార్డు దగ్గర. అంకె తగ్గితే టీచర్‌ను నిలదీస్తారనే భయముంటే బేస్‌లైన్‌లోనే పిల్లవాడు పేరా చదివేస్తాడు, కాగితం మీద. మండలం సగటు పెరుగుతుంది, ఆ పిల్లవాడి దగ్గరికి మాత్రం ఎవరూ రారు. పైగా 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఏ లిపీ రాని పిల్లవాడికి రెండు పేజీలూ ఒకటే. తెలుగులో మాట చదవడం వచ్చేదాకా ఇంగ్లిష్‌ను మాటల్లో, ఆటల్లో నడిపించడమే మంచిదని నా అభిప్రాయం.

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం 2013లో నాలుగో తరగతి చదువులో 49వ స్థానంలో ఉండేది, 2024కు 9వ స్థానానికి వచ్చింది. 2013 చట్టంలో మూడో తరగతిలో చదవలేకపోతే పై తరగతికి పంపకూడదన్న నిబంధన గురించే ఇక్కడ ఎక్కువమంది మాట్లాడతారు. నాకు అక్కడ పనికొచ్చేదిగా కనబడింది వేరే. చిన్న తరగతుల్లో ఏడాదికి మూడుసార్లు పిల్లలను పరీక్షించి, అందరికన్నా వెనకబడ్డ బడులకు రాష్ట్రమే చదువు కోచ్‌లను పంపి, వాళ్లు టీచర్ పక్కన ఉండి పాఠం చెప్పడంలో సాయపడ్డారు. చుట్టుపక్కల బడులకు తిరిగే మన సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) ఆ పని చేయగలరు. వాళ్ల రోజు మాత్రం రిపోర్టులు మోయడానికీ యాప్‌లో అంకెలు ఎక్కించడానికీ సరిపోతోంది. బడికి వచ్చినప్పుడు రిజిస్టరు అడగకుండా, ఒక గంట అక్షర గుంపుతో కూర్చోమని మా సీఆర్‌పీని నేనే అడుగుతాను. అడిగితే కూర్చుంటారు.

గంటన్నరను కాపాడుకోవడమే అన్నిటికన్నా కష్టం. ఓటర్ల జాబితా, సర్వేలు, ట్రైనింగులు, మధ్యాహ్న భోజనం బిల్లులు, అన్నీ ఆ సమయం మీదే పడతాయి. ఇద్దరు టీచర్లలో ఒకరు డ్యూటీకి పోతే గుంపులు మానేయకూడదు. ఆరోజు అక్షర, మాటల గుంపులను టీచర్ తీసుకుని, పేరా గుంపుకు జతలుగా చదివే పని ఇవ్వాలి. ఒక్క టీచరే ఉన్న బడిలోనూ ఇదే పద్ధతి.

ఏప్రిల్‌లో ఎండ్‌లైన్ అయ్యాక ఐదో తరగతి పిల్లలు హైస్కూలుకు పోతారు. టీసీ మీద మార్కులు ఉంటాయి గానీ చదివే స్థాయి ఉండదు. అందుకే ఒక్కొక్కరికి చిన్న చీటీ రాసి టీసీకి పిన్ను కొడతాను: ఏ స్థాయి, ఏ వత్తులు రావు, ఇంటి భాష ఏది, ఏ నెలల్లో బడికి రాడు. హైస్కూలులో తెలుగు పండిట్‌కు ఫోన్ చేసి ఆ చీటీలు చూడమని చెబుతాను. మాటల స్థాయిలోనే మిగిలిన పిల్లల పేర్లు ఆయనకు విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆరో తరగతిలో వాళ్లు నోరు విప్పరు.