జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం విల్లివాక్కంలో మా ఊరివాళ్ళ గృహప్రవేశం. మాది గూడూరు పక్క పల్లె. చెన్నై వచ్చి ఇరవై ఏడేళ్ళయింది. ప్యారీస్‌లో ఒక కాగితాల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తాను, పెరంబూర్‌లో అద్దెకుంటాం. ఆ రోజు గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్ల మీద గరిటెతో నెయ్యి. అడిగి మరీ వేయించుకుని తిన్నాను. చీకటి పడే వేళకు రొమ్ము ఎముక కింద నొప్పి మొదలైంది.

అలాంటి నొప్పి రెండేళ్ళుగా అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. బిరియానీ తిన్న రోజో, పెళ్ళి భోజనం చేసిన రోజో వచ్చేది. గ్యాస్ మాత్ర వేసుకుంటే గంటా గంటన్నరలో సర్దుకునేది. ఈసారి సర్దుకోలేదు. గునపంతో ముందు నుంచి పొడిచి వీపులోకి దించుతున్నట్టు ఉంది. వెల్లకిలా పడుకోలేను. దిండు కౌగిలించుకుని ముందుకు వంగి కూర్చుంటే మాత్రం కాస్త ఓర్చుకోగలిగాను. వీధి చివర క్లినిక్‌లో డాక్టరు పొట్ట మీద చెయ్యి కూడా వెయ్యలేదు. "విందు భోజనం కదా, గ్యాస్" అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశాడు. రాత్రి రెండింటికి పచ్చగా వాంతులై, చెమటతో చొక్కా తడిసిపోతే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

ఈసీజీ తీశారు, గుండె బాగుందన్నారు. రక్తపరీక్షలో, క్లోమం (పాంక్రియాస్) తయారుచేసే లైపేజ్ అనే ఎంజైము 2,140 ఉంది. పక్కనే మామూలుగా 60 లోపు ఉండాలని అచ్చువేసి ఉంది. స్కానింగ్‌లో పేగుల్లో గాలి అడ్డం వచ్చి సరిగా కనపడలేదన్నారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కాగితం చూసి, నా ముఖం చూడకుండా తమిళంలో అడిగాడు. "ఎన్నేళ్ళుగా తాగుతున్నారు?"

తాగుతారా అని అడగలేదు. ఎన్నేళ్ళుగా అని అడిగాడు.

నాకు అలవాటు లేదన్నాను. "ఈ నంబరు అబద్ధం చెప్పదు సార్. మానకపోతే ఇంకోసారి ఇక్కడిదాకా కూడా రాలేరు" అన్నాడు. మా ఆవిడ, డిగ్రీ చదివే మా అమ్మాయి అక్కడే ఉన్నారు. అమ్మాయి నా వైపు చూసి వెంటనే తల తిప్పేసుకుంది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తెల్లవారబోతుండగా మా ఆవిడ దగ్గరికి వచ్చి, నా చెవిలో మెల్లగా అంది. "ఏమండీ, షాపువాళ్ళతో ఎప్పుడైనా... నాకు చెప్పకపోయినా పరవాలేదు, డాక్టరుకైనా నిజం చెప్పండి." పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. సాయంత్రం ఏడున్నరకు నేను ఇంట్లో లేని రోజు లేదు. నాకు మాట రాలేదు. నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఆ మౌనాన్ని ఆమె మరోలా అర్థం చేసుకుందని తర్వాత తెలిసింది.

మర్నాటికి కళ్ళు పచ్చబడ్డాయి. సెలైన్లు, ట్యూబులు, సూదులు, సంతకాలు, డిపాజిట్లు, ఇవన్నీ ఆసుపత్రికి వెళ్ళిన అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది రెండో రాత్రి గురించి.

ఐసీయూలో గడియారం నా మంచానికి ఎదురుగా ఉంది. ఒంటిగంట దాటింది. పొట్ట తప్పెటలా బిగిసిపోయింది. ఊపిరి సగం దాకా వెళ్ళి ఆగిపోతోంది, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. కాళ్ళ దగ్గర ఇద్దరు జూనియర్లు నిలబడి నా ఫైలు చూసుకుంటున్నారు. నేను నిద్రపోతున్నాననుకున్నారేమో. ఒకడు రెండోవాడికి చెబుతున్నాడు: "పాంక్రియాస్ తనను తానే డైజెస్ట్ చేసుకుంటోంది. ఎక్కడ ఆగుతుందో చూడాలి."

ఎక్కడ ఆగుతుందో. ఆ మాట విన్నాక నాలుగింటి దాకా కన్ను మూయలేదు. నా కడుపు నన్నే తింటోందన్నమాట. తింటున్నది నాకు వినపడుతుందేమోనని చెవి పెట్టుకుని పడుకున్నాను. చిన్నప్పుడు అన్నం తిన్నాక అమ్మ నా పొట్ట నిమురుతూ అనేది గుర్తొచ్చింది. "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం. గుర్రం తిన్న గుగ్గిళ్ళు జీర్ణం." మేక మాంసంగా కడుపులోకి దూరి, అన్న పిలిస్తే పొట్ట చీల్చుకుని బయటికొచ్చే రాక్షసుడు వాతాపి. అగస్త్యుడు ఒక్కమాటతో వాణ్ణి అరిగించేశాడు. నాకు లోపలున్నది రాక్షసుడు కాదు, అరిగించే శక్తే అదుపు తప్పింది. ఇక ఏమని వేడుకోవాలి? "ఏడుకొండలవాడా, అరగకుండా చూడు" అని మొక్కుకున్నాను. తలనీలాలు ఇస్తానన్నాను.

ఇక్కడ ఒక మాట రాయకపోతే అన్యాయం. ఆ రాత్రి గంటగంటకూ వచ్చి మూత్రం సంచిలో ఎంత దిగిందో చూసి, సెలైన్ వేగం పెంచుతూ తగ్గిస్తూ నిలబడిందీ ఆ కుర్ర డాక్టరే. పాంక్రియాటైటిస్ అనే ఈ జబ్బుకి, అంటే క్లోమం వాపుకి, మొదటి రోజుల్లో ఒంట్లోకి ఎక్కించే ద్రవమే ముఖ్యమైన వైద్యమట. నన్ను బతికించిన చేతుల్లో అతనివీ ఉన్నాయి. అతని మాట మీద కోపం మాత్రం పోలేదు.

మూడో రోజు ఎమ్మార్‌సీపీ అనే స్కాన్ తీస్తే పైత్యరసం గొట్టం కొసన ఆరు మిల్లీమీటర్ల రాయి కనపడింది. పెద్ద డాక్టరమ్మ ఆ ఫిల్ము పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చారు. "అమ్మా, మీరే మా ఆవిడకు చెప్పండి" అని చేతులు జోడించాను. ఆవిడకు విషయం అర్థమైనట్టుంది. మా ఆవిడను లోపలికి పిలిపించి, ఫిల్మును వెలుతురుకేసి పట్టి, మా ఆవిడకు అర్థమయ్యే తమిళంలో ఒక్కొక్క మాటే చెప్పారు. "ఇదిగో రాయి. ఈ జబ్బు తాగుడు వల్ల వస్తుంది, పిత్తాశయంలో రాళ్ళ వల్ల కూడా వస్తుంది. ఈయనకు రాయి వల్ల వచ్చింది." కుర్ర డాక్టరు ఆవిడ వెనకే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. మా ఆవిడ నా పాదం మీద చెయ్యి వేసి, డాక్టరమ్మ వెళ్ళిపోయిన తర్వాత కూడా తియ్యలేదు.

మర్నాడు నోట్లోంచి ట్యూబు దించి, పైత్యరసం గొట్టంలో ఇరుక్కున్న రాయిని పేగులోకి లాగేశారు. రెండు రోజుల్లో కళ్ళ పచ్చదనం తగ్గుముఖం పట్టింది. వార్డుకి మార్చాక మా అమ్మాయి మందుల బిల్లు వెనక పెన్నుతో బొమ్మ గీసి నాకు అంతా చెప్పింది. బయోకెమిస్ట్రీ చదువుతోంది. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

అన్నం నోట్లో ఉన్నప్పుడే లాలాజలంలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని ముక్కలు చేయడం మొదలుపెడుతుంది. కడుపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మాంసకృత్తులను తెంపే పెప్సిన్ ఉంటాయి. ఆ ఆమ్లానికి కడుపు గోడ కాలిపోకుండా జిగురు పొర కాపాడుతుంది. అక్కడినుంచి గుజ్జు చిన్నపేగులోకి దిగేసరికి క్లోమం నుంచి రసం వస్తుంది, రోజుకు దాదాపు లీటరున్నర. ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్, పిండిని, కొవ్వును, మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు అన్నీ అందులోనే ఉంటాయి. కాలేయంలో తయారైన పైత్యరసం పిత్తాశయంలో నిలవ ఉంటుంది. నెయ్యి, నూనె పేగులోకి దిగగానే కొలెసిస్టోకైనిన్ అనే హార్మోను పుట్టి పిత్తాశయాన్ని పిండుతుంది. సబ్బు జిడ్డును విడదీసినట్టు పైత్యరసం కొవ్వును సన్నని బిందువులుగా చేస్తే, లైపేజ్ వాటిని పట్టి విడగొడుతుంది.

"మరి నెయ్యి తిన్నందుకేనా?" అన్నాను.

"నెయ్యి తప్పు కాదు నాన్నా. నెయ్యి కోసం పిత్తాశయం గట్టిగా పిండుకుంది, లోపలున్న రాయి జారి గొట్టం కొసకు వచ్చి కూర్చుంది. క్లోమం గొట్టం కూడా అక్కడే కలుస్తుంది. రెండు దారులూ మూసుకుపోయాయి."

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించింది ఆ తర్వాత చెప్పింది. మాంసాన్ని తెంపే ఎంజైములను క్లోమం నిద్రపోతున్న రూపంలోనే తయారు చేస్తుందట. ట్రిప్సినోజెన్ అంటారు, దానికి పదును ఉండదు. పేగులోకి చేరాక, పేగు గోడలోని ఎంటిరోకైనేజ్ దాని కొస తెంపితే అప్పుడు ట్రిప్సిన్‌గా మేలుకుంటుంది. మేలుకున్న ట్రిప్సిన్ మిగతావాటిని లేపుతుంది. తయారైన చోట పదును లేకుండా, పని చేసే చోట మాత్రమే పదును వచ్చేలా ఉందన్నమాట ఏర్పాటు. నాకు దారి మూసుకుపోయి, అది క్లోమం లోపలే మేలుకుంది. క్లోమం కూడా మాంసమే కదా. జానెడు పొడవైనా ఉండని ఆ గ్రంథి, కడుపు వెనక యాభై రెండేళ్ళు నాకోసం రోజూ ఆ కత్తులను ఒరలో పెట్టి పంపింది. దాని పేరైనా నేను ఎప్పుడూ తలుచుకోలేదు.

ఇంకా నోటికి ఏమీ ఇవ్వడం లేదు. నీళ్ళు కూడా లేవు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన నర్సమ్మ "అన్నా, తాగడానికి ఇవ్వలేను" అని తడిపిన దూదితో పెదాలు అద్దేది. ఆ తడిని నాలుకతో వెతుక్కునేవాణ్ణి. పక్క మంచం మీద అరక్కోణం నుంచి వచ్చిన పెద్దాయన. ఒక ఉదయం ఆయన కొడుకు పొంగల్ పొట్లం విప్పాడు. నెయ్యి, మిరియాల వాసనకు నా నోట్లో నీళ్ళూరాయి. వెంటనే ఒళ్ళు చల్లబడింది. కడుపులో మళ్ళీ ఆ పని మొదలవుతుందేమోనని భయం. అది వట్టి భయం కాదని అమ్మాయి చెప్పింది. వాసన తగిలితే చాలు, రసాలు ఊరడం మొదలవుతుందట. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల మీద ప్రయోగాలు చేసి చూపించింది అదే, 1904లో ఆయనకు నోబెల్ ఇచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికే. మా మాటలు ఆ పెద్దాయనకు ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. ఆ రోజు నుంచి మూడు పూటలూ సెలైన్ స్టాండు పట్టుకుని మరీ వరండాలోకి వెళ్ళి తిని వచ్చేవారు. ఆయనకు నేను సరిగా కృతజ్ఞత చెప్పుకోలేదు. నేను స్కానింగ్‌కి వెళ్ళి వచ్చేలోపు డిశ్చార్జి అయి వెళ్ళిపోయారు.

ఆరో రోజున గంజి ఇచ్చారు. మొదటి చెంచా మింగడానికి ధైర్యం చాలక నోట్లోనే ఉంచుకున్నాను. కాసేపటికి అది తియ్యగా అయింది. చక్కెర వేశారా అని అడిగాను. లేదన్నారు. నా నోరే ఆ పిండిని చక్కెరగా మారుస్తోంది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

పదకొండో రోజు కీహోల్ ఆపరేషన్ చేసి పిత్తాశయాన్ని తీసేశారు. ఇప్పుడు పైత్యరసం నిలవ ఉండకుండా కొద్దికొద్దిగా పేగులోకి పడుతూ ఉంటుంది. మొదట్లో కొంచెం నూనె ఎక్కువైతే విరేచనాలయ్యేవి, ఇప్పుడు లేవు. చాలామందికి ఈ జబ్బు వారంలో తగ్గిపోతుందని, కొందరికి మాత్రం ముదిరి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పారు. అందుకే చెబుతున్నాను. పై పొట్టలో నొప్పి వీపులోకి పొడుచుకుపోతూ, ముందుకు వంగితే కాస్త తగ్గినట్టుంటే, గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోకండి. ఆసుపత్రికి వెళ్ళి లైపేజ్ చూడమని అడగండి. నాలాగా కొవ్వు తిన్నప్పుడల్లా నొప్పి వస్తుంటే ఒక స్కానింగ్ చేయించుకోండి.

మళ్ళీ షాపుకి వెళ్ళిన మొదటి రోజు, సెంట్రల్ దగ్గర మద్రాసు మెడికల్ కాలేజీ కనపడగానే బస్సులోంచే దణ్ణం పెట్టాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అక్కడే చదివారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన సోదరులిద్దరిని తీసుకుపోయింది, ఆయననూ మంచాన పడేసింది. తర్వాత అమెరికాలో ఆయన బృందం తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందయింది. ఇంతకాలం అదే బస్సులో ఆ దారినే తిరిగాను.

తిరుమల మొక్కు తీర్చుకున్నాం. గూడూరు నుంచి అమ్మ వచ్చి నెల రోజులుంది. ఇన్నేళ్ళవాణ్ణి, రోజూ జావ తాగాక పొట్ట మీద చెయ్యి వేసి అదే మాట అనేది.

మా బావమరిది నెల్లూరులో ఉంటాడు. ఐసీయూలో ఉన్నప్పుడే మా ఆవిడ ఫోన్ నా చెవి దగ్గర పెట్టించుకుని "బావా, ఇకనైనా మానెయ్" అన్నాడు. వాడి నోటినుంచే ఊరంతా పాకింది. పిల్ల పెళ్ళి సంబంధాల దాకా వెళ్తుందేమోనని మా ఆవిడకు ఎంత టెన్షనో. సంక్రాంతి తర్వాత వాడు మా ఇంటికి వచ్చాడు. ఇడ్లీ పెట్టాం. పిత్తాశయంలో మిగిలిన రాళ్ళను ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రివాళ్ళు చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి ఇచ్చారు. పదకొండు. శనగగింజంత లోపు, పసుపు పచ్చగా. ఆ సీసా తెచ్చి వాడి ప్లేటు పక్కన పెట్టాను.

"ఇదేంది బావా?"

"నేను తాగింది" అన్నాను.

వాడు సీసా ఎత్తి వెలుతురుకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి ఉంది. సీసా కింద పెట్టి, "ఊళ్ళో నేనే చెప్తాలే బావా" అన్నాడు. మా ఆవిడ వచ్చి వాడి ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసింది.